సైకాలజీ తర్వాత ఎటు?

డిగ్రీలో సైకాలజీ చదివిన అమ్మాయిని చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న, ‘అయితే నా మనసులో ఏముందో చెప్పు చూద్దాం’. రెండోది, ‘ఇంతకీ ఉద్యోగం ఏమొస్తుంది?’ మొదటిదాన్ని నవ్వి వదిలేయొచ్చు. రెండోదానికి జవాబు వెతకాల్సిందే.

ఎమ్మే పూర్తయితే చికిత్స చేసేయొచ్చనుకుంటారు చాలామంది. కుదరదు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చదివి, అక్కడ పేరు నమోదు చేసుకోవాలి. ఇన్నేళ్లూ ఆ కోర్సంటే ప్రధానంగా రెండేళ్ల ఎంఫిల్. బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట్ల వార్డుల్లో, ఓపీల్లో రోగుల మధ్యే సాగే చదువు. యూజీసీ 2022లో ఎంఫిల్‌ను ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 విద్యాసంవత్సరం దాకా గడువిచ్చింది. కాబట్టి సీనియర్లు నడిచిన దారే మీకూ ఉంటుందనుకోకండి. ఫీజు కట్టే ముందు కాలేజీ బ్రోషర్ కాదు, కౌన్సిల్ జాబితా చూడండి.

ఆస్పత్రి అందరికీ పడదు, అందులో తప్పేం లేదు. కంపెనీల్లో హెచ్‌ఆర్, బడుల్లో కౌన్సెలింగ్, పరిశోధన ఉన్నాయి. పరిశోధనలో మాత్రం స్టాటిస్టిక్స్ తప్పదు. లెక్కలు తప్పించుకుందామని ఇటొచ్చినవాళ్లకు అక్కడ చుక్కలు కనిపిస్తాయి.

ఏది నప్పుతుందో తేలాలంటే వేసవి సెలవుల్లో ప్రత్యేక అవసరాల పిల్లల బడిలోనో, మద్యం మాన్పించే కేంద్రంలోనో నెల రోజులు పనిచేసి చూడండి. అక్కడ ఒకే మాట పదిసార్లు ఓపిగ్గా వినాల్సి వస్తుంది. మర్నాడు మళ్లీ వెళ్లాలనిపిస్తోందా అన్నది ఎంట్రన్స్ మార్కులకన్నా ముందు చూసుకోవాల్సిన సంగతి.