నేర్చుకునే సెలవు ఎవరి సొత్తు?

ఇంగ్లండులో ఫ్యామిలీ డాక్టరు కావాలంటే వైద్య పట్టా చేతికొచ్చాక రెండేళ్ల ఫౌండేషన్ శిక్షణ, ఆపైన మూడేళ్ల జీపీ శిక్షణ పూర్తి చేయాలి. ఆ మూడేళ్లలో ట్రైనీకి ఏడాదికి 30 రోజుల వరకు జీతంతో కూడిన స్టడీ లీవ్ ఉంటుంది. అందులో కొంత ప్రాంతీయ తరగతులకే ఖర్చయిపోతుంది. మిగిలిన రోజులు కోర్సులకూ పరీక్షలకూ. ఆమోదం పొందిన కోర్సు రుసుమును ప్రభుత్వ శిక్షణ నిధి భరిస్తుంది. పరీక్ష ఫీజు మాత్రం ట్రైనీ జేబులోంచే. సెలవు అడిగేవారు, మంజూరు చేసేవారు, ఆ రోజు వారి బదులు డ్యూటీ చేసేవారు, చివరికి రోగి, ఇంతమందికి సంబంధమున్న ఈ సెలవు అసలు ఎవరిది అన్న ప్రశ్న నిబంధనల పుస్తకంతో తేలదు. ఇది ధర్మమీమాంస.

జీతంలో భాగం అనేది మొదటగా తోచే జవాబు. ఒప్పందంలో ఉంది కాబట్టి హక్కు. అయితే మామూలు వార్షిక సెలవులో ఎక్కడికి వెళ్తున్నారని ఎవరూ అడగరు. స్టడీ లీవుకు మాత్రం ఏ కోర్సు, ఎందుకు, పాఠ్యప్రణాళికలో ఏ అంశానికి సరిపోతుంది అని అడుగుతారు. లెక్క చెప్పి తీసుకోవలసినదాన్ని పూర్తిగా సొంత సొమ్ము అనలేం. పోనీ, దయతో ఇచ్చినదా అంటే అదీ కుదరదు. దయగా ఇచ్చేదాన్ని ఇవ్వనంటే నోరు మూసుకోవాలి. స్టడీ లీవు నిరాకరిస్తే కారణం అడిగే అధికారం ట్రైనీకి ఉంది.

మూడో జవాబు రుణం. తైత్తిరీయ సంహిత ప్రకారం మనిషి మూడు రుణాలతో పుడతాడు. ఋషుల రుణం బ్రహ్మచర్యంతో, అంటే విద్యాభ్యాసంతో, దేవతల రుణం యజ్ఞంతో, పితరుల రుణం సంతానంతో తీరుతాయి. అక్కడ ఆ మాట బ్రాహ్మణుణ్ణి ఉద్దేశించి చెప్పినదే. ఆ హద్దు ఈనాటి వాదానికి అక్కర్లేదు. గమనించవలసింది లెక్క రాసిన తీరు. చదువుకోవడం వల్ల రుణం ఏర్పడటం లేదు, చదువే రుణాన్ని తీరుస్తోంది. ఆ తీర్చడం కూడా ఇచ్చినవారికి తిరిగి ఇవ్వడం కాదు. ఋషులు ఎప్పుడో వెళ్లిపోయారు. అందుకున్నదాన్ని నిలబెట్టి తరవాతివారికి అందించడమే తీర్చడం.

నేటి ప్రభుత్వాల ఆలోచన దీనికి తలకిందులుగా సాగుతుంది. మన దేశంలో చాలా రాష్ట్రాలు వైద్యవిద్యార్థులతో బాండు రాయించుకుంటాయి: చదివావు కాబట్టి బాకీ పడ్డావు, ఇన్నేళ్లు పనిచేయి, లేదా ఇంత సొమ్ము కట్టు. గ్రామాలకు డాక్టర్లు కావాలన్న అవసరం నిజమే, దాన్ని ఎవరూ కాదనరు. కానీ చదువును అప్పుగా చూసే పద్ధతి అలవాటైతే, డ్యూటీ మానుకుని కోర్సుకు వెళ్లడం మరో అప్పులా కనబడుతుంది. పై లెక్క ప్రకారం అదే అసలు చెల్లింపు. డయాబెటిస్ చికిత్సలో వచ్చిన మార్పులు తెలుసుకోని డాక్టరు, రోజుకు ఎంతమందిని చూసినా, బాకీ పెంచుకుంటూ పోతున్నట్టే.

రుణం ట్రైనీదైతే ఖర్చు ఎవరిది? కాళిదాసు రఘువంశం ఐదో సర్గలోని కౌత్సుడి కథ సరిగ్గా ఈ ప్రశ్న మీదే నడుస్తుంది. వరతంతు మహర్షి శిష్యుడు కౌత్సుడు. ఇన్నాళ్లూ చేసిన సేవే చాలునని గురువు అన్నా వినక, దక్షిణ అడగమని పట్టుబట్టాడు. విసిగిన గురువు పద్నాలుగు విద్యలకు పద్నాలుగు కోట్లు తెమ్మన్నాడు. కౌత్సుడు రఘు మహారాజు దగ్గరకు వెళ్లేసరికి ఆయన విశ్వజిత్తు యాగంలో ఉన్నదంతా దానం చేసి, అతిథికి మట్టిపాత్రలో అర్ఘ్యం ఇచ్చే స్థితిలో ఉన్నాడు. ఆ పాత్ర చూడగానే కౌత్సుడికి పరిస్థితి అర్థమై వెనుదిరగబోయాడు. రఘువు ఆపాడు. గురుదక్షిణ కోసం వచ్చిన పండితుడు తన గుమ్మం నుంచి మరో దాత దగ్గరకు పోయాడన్న అపవాదు తనతో మొదలు కాకూడదన్నాడు. రెండు మూడు రోజులు ఆగమని కోరి కుబేరుడి మీదికి దండయాత్రకు సిద్ధమయ్యాడు. తెల్లారేసరికి కోశాగారంలో బంగారం కురిసి ఉంది. రాజు అంతా తీసుకుపొమ్మన్నాడు. గురువుకు ఇవ్వవలసినదానికి మించి శిష్యుడు ముట్టుకోలేదు. సాకేతపురవాసులు ఇద్దరినీ మెచ్చుకున్నారు.

మామూలుగా ఈ కథను దానగుణానికి ఉదాహరణగా చెబుతారు. దీన్ని పరిపాలన కథగా చదవడం ఇంకా లాభం. రఘువు ఆ విద్య నేర్చుకోలేదు, నేర్పలేదు. అయినా చదువు ఖర్చు రాజ్యానిదేనని, ఖజానా ఖాళీ అన్నది జవాబు కాదని అనుకున్నాడు. కౌత్సుడు అవసరానికి మించి తీసుకోకపోవడం ఆ ఏర్పాటుకు రెండో కాలు. ఒక్క కాలి మీద అది నిలవదు.

ఇంగ్లండులో 2018 ఏప్రిల్‌లో జరిగిన మార్పు ఈ రెండో కాలిని పరీక్షకు పెట్టింది. అంతకు ముందు చాలా ప్రాంతాల్లో ఒక్కో ట్రైనీ పేరున ఏడాదికి ఇంత అని మొత్తం ఉండేది. అందరికీ సమానమే, కానీ అవసరాలు సమానం కావు. శస్త్రచికిత్సలో శిక్షణ పొందేవారికి ఒక్క కోర్సుతోనే ఆ మొత్తం హరించుకుపోయేది. మరొకరి ఖాతాలో మిగిలిపోయేది. కొత్త పద్ధతిలో విడి ఖాతాలు పోయి ఉమ్మడి నిధి వచ్చింది. పాఠ్యప్రణాళికకు తగినదని తేలితే ఖర్చు దాన్నుంచి వస్తుంది. తలా ఒకే వాటా కంటే ఎవరి అవసరాన్ని బట్టి వారికి అన్నదే న్యాయానికి దగ్గర.

చిక్కల్లా అవసరం ఉన్నవారే అడుగుతారన్న నమ్మకంలో ఉంది. వేల్స్‌లోని గ్లిన్‌కోరుగ్ అనే గని ఊళ్లో ఫ్యామిలీ డాక్టరుగా పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో లాన్సెట్ పత్రికలో ఒక విలోమ సూత్రం రాశారు: మంచి వైద్యం ఎక్కువ అవసరమైనచోట తక్కువగా దొరుకుతుంది. ఉమ్మడి నిధికీ ఇది వర్తించే ప్రమాదం ఉంది. దరఖాస్తులో ఏ మాటలు రాయాలో తెలిసినవారికి, ఏ కోర్సు ఎక్కడుందో చెప్పే సీనియర్ల పరిచయం ఉన్నవారికి డబ్బు తేలిగ్గా అందుతుంది. విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీ నుంచో హైదరాబాదు ఉస్మానియా నుంచో నేరుగా వెళ్లి అక్కడి శిక్షణలో చేరినవారికి ఆ దారులు తెలియడానికే కొన్ని నెలలు పడుతుంది. జీపీ అర్హత పరీక్షలో విదేశీ పట్టభద్రుల ఉత్తీర్ణత తక్కువగా ఉందని భారత సంతతి వైద్యుల సంఘం వేసిన దావాను 2014లో కోర్టు కొట్టేసింది. పరీక్ష చట్టబద్ధమేనని చెప్పింది. ఉత్తీర్ణతలో తేడా ఉన్న మాట మాత్రం అందరూ ఒప్పుకున్నదే. సమాన అవకాశం అంటే తలుపు తెరిచి ఉంచడమేనా, తలుపు ఎక్కడుందో చూపించడం కూడానా అన్నది ఇక్కడ తేలవలసిన విషయం. రఘువు రెండోదే చేశాడు. వెళ్లిపోతున్నవాణ్ణి వెనక్కి పిలిచాడు.

ఇంకో వైపున ఈ రోజు వరుసలో కూర్చున్న రోగి ఉన్నాడు. జీపీ క్లినిక్‌లో ట్రైనీ అదనపు మనిషి కిందే లెక్క. వారానికి పది సెషన్లలో ఏడు రోగులకు, మూడు చదువుకు. ఆసుపత్రిలో అలా కాదు. అక్కడ ట్రైనీ పేరు రోటాలో ఉంటుంది, సెలవు పెడితే ఆ రాత్రి వార్డు మరొకరు చూడాలి. అందుకే నిరాకరణలు అక్కడే ఎక్కువగా బాధిస్తాయి. నేటి రోగి కళ్లెదుట ఉన్నాడు. పదేళ్ల తరవాత అదే డాక్టరు దగ్గరకు రాబోయే రోగికి ఇప్పుడు ముఖం లేదు, ఫిర్యాదు పెట్టే నోరూ లేదు. ముఖం లేని మనిషి పక్షాన మాట్లాడేది నిబంధన ఒక్కటే. 30 రోజులని అంకె వేసి రాయడంలో ఉన్న నీతి అదే.

ఇక ఏది నేర్చుకోవాలన్నది. చర్మవైద్యుడి పాఠానికి అంచులున్నాయి. ఫ్యామిలీ డాక్టరు పాఠానికి లేవు. కీళ్లలో ఇంజెక్షన్ ఇవ్వడం, గర్భనిరోధక సాధనం అమర్చడం దరఖాస్తులో సులువుగా ఇముడుతాయి. దుబాసీ ద్వారా మాట్లాడే రోగి చెప్పకుండా వదిలేసింది ఎలా పసిగట్టాలి, చావు దగ్గర పడిన మనిషి కుటుంబంతో ఎలా మాట్లాడాలి అన్నవి అంత సులువుగా ఇమడవు. 2023 నవంబరు నుంచి ఉన్న కన్సల్టేషన్ పరీక్షలో అభ్యర్థి 12 మందితో, ఒక్కొక్కరితో 12 నిమిషాల చొప్పున మాట్లాడాలి. అక్కడ తేలేవి ఎక్కువగా ఇలాంటివే. చరకసంహిత విమానస్థానం ఎనిమిదో అధ్యాయం వైద్యశాస్త్రానికి అవతలి ఒడ్డు లేదంటుంది, బుద్ధిమంతుడికి లోకమంతా గురువేనని, శత్రువు చెప్పినా మంచిమాట వినాలని చెబుతుంది. తోటి వైద్యులతో చర్చించడాన్ని జ్ఞానం పెంచే ఉపాయంగా అక్కడే వివరిస్తుంది. మంజూరు చేసే అధికారి ఆ అధ్యాయం చదవనక్కర్లేదు గాని, అర్జీ తిప్పి పంపేముందు అందులోని ఉదారత కొంత చూపడం అవసరం.

మన దేశంలో జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనలు పీజీ విద్యార్థులకు ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవుతో పాటు 5 రోజుల అకడమిక్ లీవు ఇస్తున్నాయి. అవతలి ఒడ్డు లేని శాస్త్రానికి ఇది చాలదు.