రౌతు మెత్తనైతే

“రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది.” చిన్నప్పుడు ఈ సామెత మా నాన్న నోట వారానికోసారైనా వినేదాన్ని. ఆయన లెక్కల టీచరు. ఆయన లెక్కలో రౌతు ఆయన, గుర్రాలు మేము. ముప్పై నాలుగేళ్ళొచ్చాక, మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ మధ్య ఒక రైడింగ్ స్కూల్లో నిజంగా జీను మీద కూచుని ఉండగా అదే సామెత మళ్ళీ వినపడింది. ఈసారి అన్నది మా కోచ్. ఆర్మీలో గుర్రాల మధ్యే సర్వీసంతా గడిపి రిటైరైన మనిషి. “మేడమ్, మీరు దాన్ని అడుగుతున్నారా, బతిమాలుతున్నారా?” అని నవ్వి, చేతికి చర్నాకోల అందించారు.

తమాషా ఏంటంటే, ఆ నిమిషంలో నా గుర్రం ఇంచుమించు మూడు కాళ్ళ మీదే నడుస్తోంది. ఎడమ వెనక కాలు ఈడుస్తోంది. కాకపోతే అది నా మెత్తదనం వల్ల కాదు. ఆ సంగతి తెలియడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

నేను గుర్రాల జోలికి వెళ్ళడానికి గొప్ప కారణమేం లేదు. 2023 సెప్టెంబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రెసాజ్ జట్టు బంగారు పతకం గెలిచింది. సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛెడా, అనూష్ అగర్వాలా. గుర్రపుస్వారీలో మనకి బంగారం రావడం 1982 తర్వాత మళ్ళీ అప్పుడే. ఆ వీడియో ఆఫీసులో లంచ్ టైమ్‌లో చూశాను. గుర్రం పరుగు పందెంలో లేదు, గోడలు దూకడం లేదు. ఊరికే నడుస్తోంది, తేలుతున్నట్టు. మీద కూచున్న మనిషి ఏం చేస్తోందో కనపడటం లేదు. ఆ కనపడకపోవడమే నన్ను పట్టుకుంది. ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నే కొంపల్లి దాటి బయల్దేరాను. ఒకప్పుడు అటంతా ద్రాక్షతోటలు. ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్ళు, విల్లాల ప్రహరీలు, మధ్యమధ్య బండరాళ్ళ గుట్టలు, వాటి సందున ఒక రేకుల లాయం. హకీంపేట నుంచి ఎయిర్‌ఫోర్స్ విమానాలు తల మీంచి పోతుంటే కొత్త రౌతులు ఉలిక్కిపడతారు. గుర్రాలు పట్టించుకోవు.

నాకిచ్చింది పందేల్లోంచి వచ్చిన ఆడగుర్రం. థరోబ్రెడ్‌లని రెండేళ్ళ వయసుకే పందేల్లోకి దించుతారు. గుర్రం వెన్నెముక పూర్తిగా గట్టిపడటానికి ఐదారేళ్ళు పడుతుంది. పందేలు అయిపోయాక ఇంకా పదిహేను, ఇరవై ఏళ్ళ బతుకు మిగిలుంటుంది. కొన్నిటికి రైడింగ్ స్కూళ్ళు దొరుకుతాయి. మిగతావాటికి ఏం దొరుకుతుందో లాయాల్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఇక్కడ కొంచెం ఒంటి నిర్మాణం చెప్పాలి, లేకపోతే నేను చేసిన తప్పు అర్థం కాదు. నిలబడ్డ గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ళ మీదే ఉంటుంది, ఆ పెద్ద తలా పొడుగు మెడా ముందుకి ఉంటాయి కాబట్టి. పైగా గుర్రానికి మనలాగా కాలర్‌బోన్ లేదు. ముందుకాళ్ళకీ ఛాతీకీ మధ్య ఎముకల అతుకే లేదు. కండరాల ఉయ్యాలలో ఛాతీ వేలాడుతూ ఉంటుంది. వెనకకాళ్ళు అలా కాదు, తుంటి ద్వారా నేరుగా వెన్నుకి అతికి ఉంటాయి. తోసే బలమంతా అక్కడిదే. “గుర్రం ఆటోలాంటిది మేడమ్, ఇంజను వెనకుంటుంది” అనేవారు కోచ్. అలాంటి జంతువు వీపు మీద, ముందుకాళ్ళకి దగ్గరగా, జీనుతో కలిపి డెబ్భై, ఎనభై కిలోలు తెచ్చి పెడతాం. ఏమీ నేర్పకుండా ఎక్కితే వీపు కుంగుతుంది, తల పైకి లేస్తుంది, వెనకకాళ్ళు వెనకే ఉండిపోతాయి. ఓపిగ్గా నేర్పితే, అది నెలలతో కాదు ఏళ్ళతో పని, ఆ కాళ్ళు ఒంటి కిందికి వచ్చి పడతాయి. తుంటీ కీళ్ళూ వంగి స్ప్రింగుల్లా బరువు అందుకుంటాయి. పొట్ట బిగుస్తుంది, వీపు పైకొస్తుంది, ముందుభాగం తేలికవుతుంది. అప్పుడు మెడ దానంతటదే విల్లులా వంగుతుంది.

మెడ చివర్న వంగాలి. నేను మొదట వంచాను.

పగ్గాలు గట్టిగా పట్టుకుని, కుడీ ఎడమా గుంజుతూ పోతే వారం తిరక్కుండా ఏ గుర్రమైనా తల దించుతుంది. నోట్లో ఇనుము ఉంది మరి. వంగిన మెడతో ఫొటో బ్రహ్మాండంగా వస్తుంది. నాకూ వచ్చింది, ఇన్‌స్టాలో పెట్టాను, ఆఫీసులో నలుగురు అడిగారు. కోచ్ మాత్రం ఆ ఫొటో చూసి ఏమీ అనకుండా నన్ను ఎరీనాలోకి తీసుకెళ్ళి ఇసకలో గిట్టల గుర్తులు చూపించారు. కాళ్ళు సరిగ్గా ఒంటి కిందికి వస్తుంటే వెనక గిట్ట ముందు గిట్ట వదిలిన గుర్తు మీద, లేదా దాన్ని దాటి, పడుతుంది. నా గుర్రం వెనక గుర్తులు జానెడు వెనకే ఆగిపోయాయి. ఎడమవైపు ఇంకా ఎక్కువ. గిట్ట ముందుకొనతో ఇసకని గీసిన గీత కూడా ఉంది. మెడలు వంచి పని చేయించుకోవడం అని మనం మాటవరసకి అంటాం. ఆ మాట ఎక్కడ పుట్టిందోగానీ, వంచితే ఏం పోతుందో నాకా ఇసకలో కనపడింది.

కనపడినా మారలేదు, అది వేరే సంగతి. ఎడమ కాలు బద్ధకిస్తోందనుకుని చర్నాకోలతో ఆ కాలిని తట్టడం మొదలుపెట్టాను. గట్టిగా కాదు. ‘గట్టిగా కాదు’ అన్న మాట కొట్టినవాళ్ళు చెప్పేదే, మా నాన్న కూడా అదే అనేవారు.

అసలు సంగతి పట్టుకున్నది సైస్. జీను పట్టీ బిగిస్తూ, “వీపు నొస్తున్నది మేడమ్ దానికి. జీను ఎయ్యంగనే చెవులు ఎనుకకు పెడ్తున్నది చూడుండ్రి” అన్నాడు. జీను తీసి, వెన్నుకి అటూ ఇటూ రెండు వేళ్ళతో నొక్కుతూ పోయాడు. ఒకచోట చర్మం అల్లల్లాడి వీపు మొత్తం కిందికి జారిపోయింది. డాక్టరొచ్చి చూశారు. జీను ముందువైపు ఇరుగ్గా ఉంది, వీపు కండరాలు రెండువైపులా వాచి ఉన్నాయి, ఎడమవైపు ఎక్కువ. నెల రోజులు ఎవరూ ఎక్కొద్దన్నారు. అంటే ఆ కాలు బద్ధకించలేదు. నొప్పి లేని చోటుకి బరువు మార్చుకుంటూ నన్ను మోసింది. నేను దానికి మూడు నెలలు జవాబుగా దెబ్బలిచ్చాను.

మన భాషలో శిక్షకీ శిక్షణకీ ధాతువు ఒకటే. ఆ నెల రోజులూ ఇదే తిరిగింది బుర్రలో. మెత్తగా నేర్పేవాళ్ళకీ గట్టిగా నేర్పేవాళ్ళకీ తేడా ఎంత? నిజం చెప్పాలంటే స్వారీలో ‘అడగడం’ అనేది కూడా ఒత్తిడే. పిక్కతో నొక్కుతాం, అది అడుగు వేయగానే వదిలేస్తాం. ఆ వదలడమే బహుమానం. నేనే పెట్టిన అసౌకర్యాన్ని నేనే తీసేసి, దానికి దయ అని పేరు పెట్టుకుంటున్నానా?

గ్రీకు దేశపు జెనోఫోన్ రెండువేల మూడొందల ఏళ్ళ కిందటే గుర్రపుస్వారీ మీద పుస్తకం రాశాడు. నాట్యం చేసేవాణ్ణి కొరడాతో పొడుస్తూ ఆడిస్తే అందులో అందం ఎంతో, బలవంతాన గుర్రంతో చేయించినదాంట్లోనూ అంతేనన్నది ఆయన వాదం. నాకు మన బరాత్‌లు గుర్తొచ్చాయి. బ్యాండు మోగుతుంటే ముందుకాళ్ళు ఎత్తి ఆడే తెల్లగుర్రం. ముల్లున్న కళ్లేలు 1965 నాటి కేంద్ర నిబంధనల్లోనే నిషేధం, అయినా పెళ్ళి గుర్రాల నోళ్ళలో ఇంకా బయటపడుతున్నాయి. మనం ఫోన్లెత్తి వీడియో తీస్తాం. ఇది చదువులేని వాళ్ళ మోటుతనం అనుకునేవాళ్ళకి 2024 జూలై గుర్తుచేయాలి. ఆరు ఒలింపిక్ పతకాలున్న బ్రిటిష్ రౌతు షార్లెట్ డుజార్డిన్, ఒక శిక్షణ క్లాసులో గుర్రం కాళ్ళ మీద పదేపదే కొడుతున్న పాత వీడియో బయటికొచ్చి, పారిస్ ఒలింపిక్స్‌కి కొద్దిరోజుల ముందు తప్పుకోవాల్సి వచ్చింది. ఏడాది నిషేధం పడింది. నేను మెచ్చుకున్న ఆ ‘కనపడకపోవడం’ వెనక కనపడకుండా ఏమేం ఉండొచ్చో అప్పుడు తట్టింది.

పాలు కూడా మానేసిన ఒక ఫ్రెండ్ ఉంది నాకు. “దీనికింత ఆలోచనెందుకు, దిగిపో, అంతే కదా” అంది. దాని మాటకి నా దగ్గర సరైన జవాబు లేదు. ఆ మాటే సైస్‌తో అన్నాను. అతను గమేళాలో ఉలవలు కలుపుతూ తల కూడా ఎత్తలేదు. “ఎవ్వలు ఎక్కకపోతే దానికి గడ్డి ఎవలేస్తరు మేడమ్?” అన్నాడు. అదీ నిజమే. నేను దిగితే ఎక్కడానికి ఎండాకాలం సెలవుల పిల్లలు వరసలో ఉన్నారు. కానీ ‘నేను కాకపోతే ఇంకొకడు చేస్తాడు’ అన్న మాటతో ఈ లోకంలో ఎన్ని పనులు జరిగిపోయాయో కూడా తెలుసు కాబట్టి, దాన్ని నా వాదంగా వాడుకోలేను.

నేను చేరుకున్న చోటు ఇంతవరకే. ఆ వీపు మీద బరువు ఇప్పటికే పడింది. రెండేళ్ళ వయసునుంచీ పడుతూనే ఉంది. బరువు వేసినవాళ్ళు మోసే బలాన్ని కూడా ఇవ్వాలి. ఆ లెక్కన వెనకకాళ్ళని ఒంటి కిందికి తేవడం సింగారం కాదు, బాకీ. ఒక పరీక్ష కూడా పెట్టుకున్నాను: నన్ను తీసేస్తే దానికి ఏం మిగులుతుంది? గుంజి వంచిన మెడ, పగ్గం వదలగానే పోతుంది. అది నాది. వెనకకాళ్ళలో, వీపులో పెరిగిన బలం పచ్చికలో ఒంటరిగా తిరిగేటప్పుడు కూడా దానితోనే ఉంటుంది. అది దానిది.

ఈ పరీక్ష బాగుందని రెండు రోజులు సంతోషపడ్డాను. మూడోరోజు, వెట్టి చేసినవాడి కండలు కూడా వాడివే కదా అనిపించింది. తెలంగాణలో పుట్టి ఈ మాట తట్టకపోతే తప్పు. బలం ఎవరికి మిగిలింది అని అడిగితే చాలదు. కాదనే వీలుందా, కాదంటే ఏమవుతుంది అని కూడా అడగాలి. సుడుల్ని బట్టి ఏ గుర్రం యజమానికి కలిసొస్తుందో చెప్పే శాస్త్రం మనకుంది. యజమాని ఒంటి మీద సుడులు చూసి గుర్రానికి చెప్పేవాళ్ళెవరూ లేరు. దానికి ఉన్నవల్లా చెవులు, తోక, పళ్ళు కొరకడం, ఊపిరి. అవి చదవడం నేర్చుకోవాలి.

నెల తర్వాత మొదలుపెట్టినా రెండు నెలలు ఎక్కలేదు. కొత్త జీను చేయించడానికి స్కూలుతో కలిసి నేనూ కొంత పెట్టుకున్నాను. పక్కన నడుస్తూ లాయం వెనకున్న గుట్ట ఎక్కించడం, దించడం. ఎక్కేటప్పుడు వెనకకాళ్ళు వద్దన్నా పని చేస్తాయి. నేల మీద అడ్డంగా పరిచిన కర్రల మీంచి నడిపించడం. నాలుగడుగులు వెనక్కి, ఆగి, మళ్ళీ ముందుకి. తర్వాత ఎక్కి, ఇరవై మీటర్ల వలయాలు. నడక నుంచి దుడుకు నడకకి, మళ్ళీ నడకకి, పది నిమిషాలు చేసి ఐదు నిమిషాలు పగ్గాలు వదిలేయడం. చూడ్డానికి ఎంత విసుగో చెప్పలేను. ఫొటో తీయదగ్గది ఒక్కటీ లేదు. కోచ్ కూడా నా చేతిలో చర్నాకోల లేకపోవడం గురించి మాట్లాడటం మానేశారు. సామెత కూడా మళ్ళీ ఎత్తలేదు.

జనవరిలో ఒక పొద్దున, మంచు ఇంకా పూర్తిగా విడలేదు, నడక నుంచి దుడుకులోకి వెళ్ళేటప్పుడు కింద ఏదో మారింది. నా కింద వీపు లేచింది. కుర్చీ కింద ఎవరో చేయి పెట్టి ఎత్తినట్టు. పగ్గాల్లో బరువు పోయింది. ముక్కుతో పొడుగ్గా ఊపిరి వదిలింది. ఎనిమిది అడుగులు, మహా అయితే పది. తర్వాత మామూలే. దిగి ఇసకలో చూశాను. ఎడమ గుర్తు ముందు గుర్తుని సగం కప్పింది. పిచ్చిదానిలా అక్కడ గొంతుకూచుని చూస్తుంటే సైస్ నవ్వాడు.

ఆ మరుసటి ఆదివారం చాలా ఆశతో వెళ్ళాను. జీను వేయించుకుంది. ఎక్కే దిమ్మ దగ్గరికి తీసుకెళ్తే ఒక అడుగు పక్కకి జరిగింది. మళ్ళీ తెచ్చాను. మళ్ళీ జరిగింది, ఈసారి తల తిప్పి నా వైపు చూస్తూ. చెవులు వెనక్కి లేవు, వీపు నొక్కి చూస్తే నొప్పి ఏమీ లేదు. కోచ్ గేటు దగ్గర చేతులు కట్టుకుని చూస్తున్నారు. పగ్గం ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుంటే ఎక్కొచ్చు, అది కష్టమేమీ కాదు. జీను తీసేసి, గుట్ట దాకా నడిపించుకుని వెళ్ళి వచ్చాను. గంట ఫీజు ఆఫీసులో కట్టేసి, ఎండెక్కకముందే ఇంటికి బయల్దేరాను.