రెండు హుండీలు

వ్యాపారంలో ధనం గడించిన మనిషి రాజ్యాధికారం చేపట్టవచ్చునా అన్న ప్రశ్నకు చట్టం సూటిగానే జవాబు చెబుతుంది; వయసు నిండి, ఓటర్ల జాబితాలో పేరుండి, అనర్హతలేవీ లేని పౌరుడెవరైనా ఎన్నికలో నిలబడవచ్చు. ధర్మచింతన అడిగే ప్రశ్న వేరు. వర్తకానికి ఒక ధర్మం, పాలనకు మరొక ధర్మం ఉన్నాయని ఒప్పుకున్న సంప్రదాయంలో, ఆ రెండూ ఒకే మనిషి చేతికి వచ్చినప్పుడు ఏది దేనికి లొంగాలన్నదే ఆ ప్రశ్న. అతడు నిజాయితీపరుడా కాదా అన్నదానితో ఇది తేలిపోయేది కాదు, ఎందుకంటే నిజాయితీ గల వర్తకుడికీ ఈ చిక్కు అంతే బలంగా ఎదురవుతుంది.

కర్నూలు జిల్లా పడమటి భాగంలో, అంటే ఆదోని పత్తి మార్కెట్టూ ఎమ్మిగనూరు మగ్గాలూ ఉరుకుంద ఈరన్నస్వామి గుడీ దగ్గరదగ్గరగా ఉన్న సీమలో, ఈ ప్రశ్న ఒక్క మాటలోనే ఇమిడి కనిపిస్తుంది. ఆ మాట హుండీ. పాతకాలపు వర్తకులకు హుండీ అంటే ఒక ఊరి కొట్టులో సొమ్ము కట్టి మరో ఊరి కొట్టులో తీసుకునేందుకు రాసే చెల్లింపు పత్రం. అందులో ఇచ్చేవాడి పేరు, పుచ్చుకునేవాడి పేరు, మొత్తం, చాలాసార్లు గడువు కూడా రాసి ఉంటాయి. భక్తులకు హుండీ అంటే శ్రావణమాసంలో ఈరన్నస్వామి ముందు కానుక వేసే పెట్టె. అందులో పడిన సొమ్ము మీద ఎవరి పేరూ ఉండదు, దానికి గడువు లేదు, తిరిగి అడిగే హక్కూ లేదు. పేరుతో ఇచ్చేదీ పేరు విడిచి ఇచ్చేదీ ఒకే మాటతో పలకడం ఈ వ్యాసం దృష్టిలో చిన్న విషయం కాదు.

వర్తకధర్మాన్ని తక్కువ చేసి చూసే అలవాటు ఒకటి ఉంది, అది సరైనది కాదు. మహాభారతం శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి తన తపస్సుకు గర్వించి, చివరకు ధర్మం తెలుసుకోవడానికి కాశీలో సరుకులమ్మే తులాధారుడి దగ్గరకు వెళ్లవలసి వస్తుంది. ఆ వర్తకుడు తన తక్కెడ అందరికీ సమానంగా నిలుస్తుందని, ఎవరి మీదా ద్వేషమో మొగ్గో లేకుండా తూచడమే తన వ్రతమని చెబుతాడు. తూకం అక్కడ కేవలం వృత్తి కాదు, సమదృష్టికి సాధన. అయితే ఆ సాధన ఫలించడానికి ఒక షరతు ఉంది, దాన్ని కథ విడిగా చెప్పదు గానీ అంగడి చెబుతుంది: కొనేవాడు పక్క కొట్టుకు పోగలగాలి. ఆదోని యార్డులో కొనుగోలుదారు రైతు పత్తి కుప్పలోంచి పిడికెడు తీసి, దూదిని రెండు బొటనవేళ్ల మధ్య మెల్లగా లాగి పింజ పొడవు చూసి, తేమ ఉందో లేదో అరచేత పట్టి, చెత్త ఎంతుందో గమనించి ధర చెబుతాడు. ఆ ధర నచ్చకపోతే రైతు మరొకరి మాట కోసం ఆగవచ్చు. ఆ రైతు పెట్టుబడి కోసం అదే కమీషన్ వ్యాపారి దగ్గర ముందే అప్పు చేసి ఉంటే మాత్రం, తక్కెడ ఎంత సరిగా ఉన్నా తూకం సరైనది కాదు, ఎందుకంటే కాదనే స్వేచ్ఛ అతనికి అప్పటికే పోయింది.

పాలనలో ప్రజల స్థితి ఎప్పుడూ ఈ రెండో రైతు స్థితే. నీళ్లు, రోడ్డు, పన్ను, పోలీసు, భూమి రికార్డు, వీటిలో దేనికీ పక్క కొట్టు లేదు. కనుకనే ప్రాచీనులు కోశాన్ని, అంటే ఖజానాను, రాజ్యానికి ఉన్న ఏడు అంగాలలో ఒకటిగా లెక్కించి కూడా వర్తకుడిని దాని దగ్గరకు రానివ్వడంలో జాగ్రత్త చూపారు. అర్థశాస్త్రమైతే దొంగలన్న పేరు లేకుండా దొంగతనం చేసేవాళ్ల వరసలో వర్తకులనూ చేర్చింది. అది అతిగా అన్న మాటే, తులాధారుడి ముందు నిలిచే మాట కాదు. అటువైపు వర్తకుల స్మృతి కూడా రాజుకు దూరంగా నిలబడ్డదే. పెనుగొండ వాసవీ కన్యక కథలో రాజు బలానికి లొంగడం కన్నా అగ్నిలో ప్రవేశించడమే మేలని 102 గోత్రాలవారు అనుకున్నారని చెప్పుకుంటారు. కొట్టూ కోటా ఎదురెదురుగా నిలిచిన కథ అది; రెండింటినీ ఒకటి చేసిన కథ కాదు.

వయోజన ఓటుహక్కు వచ్చాక ఆ దూరం చెరిగిపోయింది, ఇందులో మంచీ ఉంది, ఎందుకంటే పుట్టుకతో వచ్చిన అధికారం కన్నా సంపాదించుకున్న అనుభవం ఎన్నో చోట్ల ప్రజలకు పనికొచ్చింది. కర్నూలులో ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ టి.జి. వెంకటేశ్. రాయలసీమ ఆల్కలీస్ వంటి రసాయన పరిశ్రమలతో పేరు తెచ్చుకున్న ఆయన 1999లో తెలుగుదేశం పక్షాన కర్నూలు శాసనసభ్యుడై, 2009లో కాంగ్రెస్ పక్షాన మళ్లీ గెలిచి రాష్ట్రంలో చిన్న నీటిపారుదల మంత్రిగా పనిచేసి, 2014లో తెలుగుదేశం అభ్యర్థిగా ఓడిపోయి, 2016లో రాజ్యసభకు వెళ్లి, 2019 జూన్‌లో భారతీయ జనతా పార్టీలో చేరారు. 2024లో ఆయన కుమారుడు టి.జి. భరత్ అదే కర్నూలు నుంచి గెలిచి పరిశ్రమల మంత్రి అయ్యారు. ఈ జీవితాన్ని మెచ్చడమో తప్పుపట్టడమో ఇక్కడ పని కాదు. పరిశ్రమ, పదవి ఒకే ఇంటిలో రెండు తరాలు నడవడం ఇప్పుడు అసాధారణం కాదని, ప్రశ్న వ్యక్తులది కాక ఆ అమరికదని గుర్తించడమే పని.

ఆ అమరికను చట్టం ఎంతవరకు పట్టుకుంది? 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం, తన వ్యాపారంలో భాగంగా ప్రభుత్వానికి సరుకు ఇచ్చే ఒప్పందమో పని చేసే ఒప్పందమో నడుస్తున్నవాడు అనర్హుడు. 1964లో వచ్చిన మంత్రుల ప్రవర్తనా నియమావళి మరో అడుగు వేసి, మంత్రి అయినవాడు వ్యాపార నిర్వహణ నుంచి పూర్తిగా తప్పుకోవాలంటుంది గానీ, సాధారణంగా యాజమాన్యాన్ని వదులుకోనక్కర్లేదని, జీవిత భాగస్వామి కాక కుటుంబంలోని మరో వయోజనుడికి నిర్వహణ అప్పగించవచ్చని కూడా అంటుంది. చేయి తీసేస్తే చాలు, ఆస్తి తీసేయనక్కర్లేదన్నమాట. దీని పక్కన ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం, అంటే 1987 నాటి చట్టం, పెట్టి చూస్తే ఒక విచిత్రం తెలుస్తుంది: గుడి ఆస్తి కౌలులోనో గుడితో ఉన్న ఒప్పందంలోనో స్వలాభం ఉన్నవాడు ఆ గుడికి ధర్మకర్తగా ఉండరాదు. ధర్మకర్తకూ శాసనసభ్యుడికీ గీత ఒకటే, ఒప్పందం దగ్గరే గీశారు. కానీ గుడి పని ఆ ఒప్పందాలతోనే దాదాపు అయిపోతుంది. మంత్రి పని ఒక్క సంతకంతో ఒక పరిశ్రమ మొత్తాన్ని లేపగలదు, పడగొట్టగలదు, అందులో ఒప్పందం అన్న మాటే రాదు. కాబట్టి అదే గీత ఒకచోట గోడ, మరోచోట వట్టి గీత.

ఇది ఒక్క మన సీమ చిక్కు కాదు. ఉక్రెయిన్‌లో 1965లో పుట్టిన పెట్రో పొరొషెంకో చాక్లెట్ కర్మాగారాలతో ధనవంతుడై, తన ఇంటిపేరు నడిమి అక్షరాలతోనే సంస్థకు రోషెన్ అని పేరు పెట్టుకుని, 2014లో దేశాధ్యక్షుడయ్యాడు. గెలిస్తే సంస్థను అమ్మేస్తానని ఎన్నికల ముందు మాటిచ్చాడు. అమ్మకం జరగలేదు, 2016లో తన వాటాను బ్లైండ్ ట్రస్టుకు, అంటే యజమానికి తెలియకుండా, అతని మాట అడక్కుండా ఆస్తిని నడిపించే ఏర్పాటుకు, అప్పగించాడు. యజమాని కళ్లకు గంతలు కడితే తక్కెడ నిష్పాక్షికం అవుతుందన్నది అందులోని నమ్మకం. కానీ మిఠాయి డబ్బా మీద ఉన్న పేరును ఏ గంతా దాచలేదు. 2019 జనవరిలో ఉక్రెయిన్ సంప్రదాయ క్రైస్తవ సంఘానికి కాన్‌స్టాంటినోపుల్ పేట్రియార్క్ స్వతంత్రప్రతిపత్తి పత్రం ఇచ్చాక, దాని కోసం ఎంతో శ్రమించిన పొరొషెంకో, సైన్యం, భాష, విశ్వాసం అన్న నినాదంతో ఎన్నికలకు వెళ్లి, సుమారు 24 శాతం ఓట్లతో జెలెన్‌స్కీ చేతిలో ఓడిపోయాడు. అతని విశ్వాసం కపటమని ఎవరూ అనలేరు. అయితే భక్తికి సైతం ఇచ్చినవాడి పేరు రాసి, గడువు పెట్టి, తిరిగి చెల్లించమని ఓటరును అడిగినప్పుడు, అది గుడి ముందరి పెట్టె కాదు, కొట్టులో రాసే పత్రం అవుతుంది.

పన్నెండో శతాబ్దంలో కల్యాణ నగరంలో రాజు బిజ్జలుడి భండారిగా, అంటే ఖజానా అధికారిగా పనిచేసిన బసవేశ్వరుడికి ఈ తేడా బాగా తెలుసు. శ్రమనే పూజగా చేసేది కాయకం, ఆ శ్రమ ఫలాన్ని తనదనుకోకుండా సమాజానికి అర్పించేది దాసోహం అని ఆయన బోధించిన రెండు మాటలలో, దానమన్న మాటకు చోటు లేదు. దానంలో ఇచ్చేవాడు పైన ఉంటాడు, దాసోహంలో నేను సేవకుణ్ణి అన్నదే అర్థం. ధనికుడు తన ఆస్తికి యజమాని కాక ధర్మకర్తగా ఉండాలని గాంధీ కోరినదీ ఇలాంటిదే, అయితే ఎవరి ముందు లెక్క చెప్పాలన్నది మాత్రం ఆ ధనికుడి మనసుకే వదిలేసినట్టుంది. లోపం అక్కడే. మంచి మనసును నమ్మి గుడి ఖాతా కూడా ఎవరూ నడపరు.

ఆ లోపాన్ని పూరించిన పని ఎమ్మిగనూరులో జరిగింది. మాచాని సోమప్ప 1938లో అక్కడ చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టి, 1954లో పద్మశ్రీ పొందారు. నూలు అప్పిచ్చి, బట్ట తనకే తెమ్మని, ధర తానే కట్టే షావుకారు ముందు నేతగాడు సరిగ్గా ఆ అప్పులపాలైన పత్తి రైతులాంటివాడే. సహకార సంఘంలో సభ్యుడికి ఎన్ని వాటాలున్నా ఒక్కటే ఓటు. నూలు, అమ్మకం, లాభం పంపకం సభ్యులు ఎన్నుకున్న పాలకవర్గం చేతిలో ఉంటాయి. అంటే ఇక్కడ శక్తి గలవాడు తక్కెడను సరిగా పట్టుకుంటానని మాటివ్వలేదు, దాన్ని తూకం వేయించుకునేవాళ్ల చేతికే ఇచ్చాడు. రాజకీయంలోకి వచ్చిన వర్తకుడి నుంచి కోరవలసింది ఉదారత కన్నా ఇదే అనిపిస్తుంది. ఎందుకంటే ఉదారత ఎంత పెద్దదైనా ఇచ్చేవాడి చేతిలోనే ఉంటుంది, శిలాఫలకం మీద అతని పేరుతోనే నిలుస్తుంది.

శ్రావణం ముగిశాక ఉరుకుందలో హుండీలు తెరిచే రోజు, సీలు విప్పిన పెట్టెల్లోంచి కానుకలను గుట్టగా పోసి, దేవాదాయ అధికారుల ముందు, బ్యాంకు సిబ్బంది పక్కన ఉండగా, వరసగా నేల మీద కూర్చున్నవాళ్లు నాణేలను విడివిడిగా, నోట్లను కట్టలుగా వేరు చేస్తారు. కర్ణాటక నుంచి వచ్చిన రైతు వేసిన పది రూపాయలూ, ఆదోని మిల్లు యజమాని వేసిన కట్టా అదే గుట్టలో కలిసి పడి ఉంటాయి. లెక్కపెట్టేవాళ్లకు ఏది ఎవరిదో తెలియదు, అడిగేవాళ్లూ అక్కడ ఉండరు.