విషాదము అవిశ్వాసమా?

శనివారము వచ్చినదనిన రావులపాలెము మీదుగా వాడపల్లి శ్రీవేంకటేశ్వరుని సన్నిధికి భక్తులు తండోపతండములుగా తరలివత్తురు. ఏడు శనివారములు, ఏడేసి ప్రదక్షిణములు చేయుట అచ్చటి ఆచారము. హృద్రోగము నుండి బయటపడి మ్రొక్కు చెల్లించువారును అందుందురు. ప్రాణము నిలిచినది. అయినను అట్టివారిలో కొందరికి నిద్ర పట్టదు, అన్నము సహింపదు, పూర్వము ప్రీతికరమైన హరికథయు రుచింపదు. "స్వామి కాపాడినాడు గదా! ఇంకను దిగులెందులకు? నీకు నమ్మకము చాలదు" అని ఇంటివారందురు. ఈ మాట ధర్మమేనా?

భగవద్గీత ప్రథమాధ్యాయమునకు అర్జునవిషాదయోగమని పేరు. మహావీరుడైన పార్థునికి అవయవములు పట్టు తప్పినవి, నోరెండినది, గాండీవము చేజారినది. భగవానుడు అతనిని మందలించిన మాట నిజమే. కాని మందలించి ఊరకుండలేదు. రథము విడిచి పోలేదు. పదునెనిమిదవ అధ్యాయము వరకు ఓర్పుతో బోధించెను. మందలింపును మాత్రమే గ్రహించి ఆ ఓర్పును విడుచుట గీతను సగము చదువుటయే.

శరణాగతి శాస్త్రమున మహావిశ్వాసముతోపాటు కార్పణ్యమును అంగముగా చెప్పబడినది. తన అశక్తతను దాపరికము లేక స్వామికి విన్నవించుకొనుటయే కార్పణ్యము. కావున "నా వలన కాకున్నది" అను రోగి పలుకు విశ్వాసమునకు విరోధి కాదు.

వైద్యులును దీనిని ఉపేక్షింపరు. గుండెపోటు వచ్చినవారిలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి తీవ్రమైన మానసిక క్రుంగుబాటు కలుగునని వారు గుర్తించిరి. గుండెపోటు అనంతరము కలుగు అనర్థములకు దీనినొక హేతువుగా పరిగణింపవలెనని 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ప్రకటనము వెలువరించినది. మనసు క్రుంగినవాడు మందులు మానును, నడక మానును. ఆ భారము మరల గుండె మీదనే పడును.

ధైర్యమనగా దుఃఖము లేకుండుట కాదు. దుఃఖమున్నను నేటి కర్తవ్యమును విడువకుండుట. వేళకు ఔషధము, వైద్యుడు చెప్పిన మేర నడక, శక్తి కొలది నామస్మరణ, ఇవియే రోగి కర్తవ్యములు. ఏడు ప్రదక్షిణములకు ఓపిక లేనివాడు ఒక్క నమస్కారముతో సరిపెట్టుకొన్నను దోషము లేదు.

ఇంటివారి కర్తవ్యము చెంత కూర్చుండి వినుట. రెండు వారములు గడచినను దిగులు వీడనిచో మానసిక వైద్యునికి చూపవలెను. చావు మాట నోట వచ్చినచో ఒక్క దినమైనను ఆగరాదు. ఔషధసేవనము భక్తికి లోటు కాదు. క్రుంగినవానిని విడువక వెంటనుండుటయే పార్థసారథి చూపిన మార్గము.