లాంచీలో దొరికిన ప్రసాదం

మనకు నచ్చని చోట సంతోషంగా ఉండటం నటన అవుతుందా? పోయిన కార్తీక మాసంలో ఈ ప్రశ్న నన్ను గట్టిగా పట్టుకుంది.

మాది మార్కాపురం. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శ్రీశైలం వెళ్లాలంటే నాకొక పద్ధతి ఉంది. బైక్ మీద ఒక్కడినే దోర్నాల ఘాట్ ఎక్కడం, మల్లన్న దర్శనం చేసుకోవడం, కాసేపు మౌనంగా కూర్చుని వచ్చేయడం.

ఈసారి మా పెదనాయన ఫ్యామిలీ మొత్తానికి టూర్ పెట్టాడు. ఇరవై ముగ్గురం. మినీ బస్సులో మాచర్ల మీదుగా నాగార్జునసాగర్, అక్కడి నుంచి కృష్ణలో లాంచీ మీద శ్రీశైలం డ్యామ్ కింద లింగాలగట్టు. లాంచీ కదలగానే స్పీకర్లో సినిమా పాటలు, పిల్లల డాన్సులు, చేతులు మారుతున్న పులిహోర డబ్బాలు. ఇది యాత్రా, పిక్నిక్కా అని లోపల విసుక్కుంటూ, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఓ మూల కూర్చున్నా.

మా జేజి మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది. వయసులో ఉన్నప్పుడు శివరాత్రికి నల్లమలలో నడిచి శ్రీశైలం వెళ్లిన మనిషి. ఇప్పుడు మోకాళ్లు సహకరించవు. రెండు వైపులా కొండల్ని చూస్తూ అంది: "అప్పుడు కాళ్ల కింద రాళ్లే చూసుకుంటా నడిచినాం నాయనా. ఈ కొండల్ని నిమ్మళంగా చూసేది ఇయ్యాలే."

హెడ్‌ఫోన్స్ తీసేశా. నేను గోల అనుకున్నది ఆమెకు తీర్థయాత్ర. బహుశా ఆఖరిది కూడా.

భగవద్గీత రెండో అధ్యాయం, 64వ శ్లోకంలో కృష్ణుడు చెప్పే మాట ఉంది. ఇష్టాయిష్టాలకు లొంగకుండా లోకంలో తిరిగేవాడికి ప్రసాదం దొరుకుతుందట. అక్కడ ప్రసాదమంటే తేటపడిన మనసు. అసలు గుళ్లో ప్రసాదం కూడా మనం మెనూ చూసి ఎంచుకోం కదా! చేతిలో పెట్టింది కళ్లకద్దుకుని తింటాం. నేను మౌనాన్ని భక్తి అనుకున్నా. నిజానికి అందులో సగం నా ఇష్టమే, ఇంకొంచెం "నేను వీళ్లలాంటి వాణ్ని కాదు" అనే అహంకారం.

అలాగని అన్నింటికీ సర్దుకుపోమని కాదు. మా బాబాయి కొడుకు చిప్స్ ప్యాకెట్ నీళ్లలోకి విసరబోతే చెయ్యి పట్టుకుని ఆపా. పాటలు నచ్చకపోవడం నా రుచి. పులులుండే అడవి మధ్య పారే కృష్ణలో ప్లాస్టిక్ వేయకపోవడం ధర్మం. రుచిని వదులుకోవచ్చు, ధర్మాన్ని కాదు. ఈ రెండూ కలిపేసుకున్నప్పుడే మనం ఇంట్లోవాళ్లకు ఊరికే జడ్జిలమైపోతాం.

మరి నటించానా? లేదు. ఆ పాటలు నాకు ఇప్పటికీ నచ్చవు, బాగున్నాయని ఎవరితోనూ అనలేదు. వాటికి జేజి చప్పట్లు కొడుతుంటే మాత్రం నిజంగానే నవ్వొచ్చింది. ఆ నవ్వులో అబద్ధం లేదు.

ఈసారి ఇంట్లోవాళ్లు టూర్ అంటే "నా టైపు కాదు" అనే ముందు ఒక్కసారి ఆలోచించండి: అది ఎవరి యాత్ర?

ఓం నమః శివాయ.