ఫలం ఎవరిది?

కర్మ చేయడం వరకే నీ అధికారం, ఫలాన్ని కోరవద్దు అంటుంది గీత రెండో అధ్యాయంలోని 47వ శ్లోకం. మదనపల్లెలో ఒక స్వచ్ఛంద సంస్థలో పనుల లెక్క చూసే నన్ను ఆ శ్లోకం ఏళ్లుగా వదలడం లేదు. నా ఉద్యోగమంతా ఫలాలను లెక్కపెట్టడమే మరి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల మేం చేపట్టిన చెరువు మరమ్మతులు, చెక్‌డ్యాములు, పశుగ్రాసం పెంపకం అన్నీ ఒకే డేటాబేస్‌లో ఉంటాయి. ప్రతి పనికీ ఒక నంబరు, ఊరు, అంచనా, ఇచ్చిన డబ్బు, ఏ దశలో ఉంది, చివరిసారి ఎవరు వెళ్లి చూశారు. ఫలాన్ని ఇంత పట్టుగా లెక్కించేవాడికి నిష్కామకర్మ గురించి మాట్లాడే అర్హత ఉందా?

ఉందనే నా నమ్మకం. గీత వదులుకోమన్నది నాకు దక్కే ఫలాన్ని. కట్ట ఎత్తి, తూము బాగుచేసి 'పూర్తి' అని రాసుకుంటే వచ్చే పేరు మా సంస్థది. దాని మీద ఆశ విడవాలి. వాన పడ్డాక చెరువు మొరవ పోయిందా, చివరి మడికి నీళ్లందాయా అన్నది మాత్రం ఆయకట్టు రైతు ఫలం. దాన్ని పట్టించుకోకపోవడాన్ని వైరాగ్యమంటే ఒప్పుకోను. అందుకే పని ముగిసిన తేదీ పక్కన ఇంకో గడి పెట్టించాను: వానలు వెళ్లాక, మడులకు నీళ్లు పంచే నీరుగంటి ఏమన్నాడు? అది నిండేదాకా, డబ్బంతా ఖర్చయినా సరే, ఆ పని మా లెక్కలో ముగిసినట్టు కాదు.

ఈ పద్ధతికి పెద్ద ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లెలో ఉపాధి హామీ పథకం మొదలైంది. పనులు, మస్టర్లు, చెల్లింపులు కంప్యూటర్లకెక్కాయి. నాకు అంతకన్నా గొప్పగా తోచేది సామాజిక తనిఖీ. ఆ లెక్కనే మళ్లీ ఊళ్లోకి తెచ్చి, కూలీల ముందు చదివి వినిపిస్తారు. పనికి రానివాడి పేరు, తవ్వని గుంత అక్కడ బయటపడతాయి. చిత్రగుప్తుడి చిట్టా పోయాక గాని వినబడదంటారు, అప్పుడిక దిద్దుకోలేం. బతికుండగానే, నష్టపోయినవాడి ఎదుటే విప్పిన చిట్టాకు ధర్మాన్ని నిలబెట్టే శక్తి ఉంది.

అయినా ఏ సంస్థ చిట్టాకైనా ఒక గుడ్డితనం తప్పదు. 1895లో మా మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, తనను నాయకుడిగా నిలిపిన ఆర్డర్ ఆఫ్ ద స్టార్‌ను 1929లో తానే రద్దు చేశాడు. సంస్థకు తన నీడే లోకంగా కనబడే ప్రమాదం ఉందని ఆ పని నాకు గుర్తుచేస్తుంది. మేం చేసిన పనులనే పట్టికకు ఎక్కిస్తే మేం వెళ్లని పల్లె అసలు లేనట్టే. అందుకని పనులతో నిమిత్తం లేకుండా మూడు ప్రాంతాల్లో మా పరిధిలోని పల్లెలన్నింటినీ ముందు ఎక్కించాం. అప్పుడు తెలిసింది, పనులన్నీ బస్సు పోయే దారుల వెంటే గుమిగూడాయని. లోపలి పల్లెల ఎదుట వరసగా సున్నాలు. ఏ ఒక్క పనిని విడిగా చూసినా ఈ అన్యాయం కంటపడదు. అన్నీ పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.

హంద్రీ-నీవా పథకంలో శ్రీశైలం జలాశయం నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు పుంగనూరు, కుప్పం ఉపకాలువల మీదుగా 2025లో కుప్పం చేరాయి. అందరితో పాటు నేనూ సంతోషించాను. కాలువ అందని మెట్ట పల్లెలకు మాత్రం ఇప్పటికీ వాన చెరువే దిక్కు. కొత్త పని ఎంచుకునే ప్రతిసారీ ముందు ఆ సున్నాల జాబితా తెరవాలని మా సంస్థలో పట్టుబడుతున్నాను. అక్కడికి వెళితే ఫోటోలు తక్కువ, పేరు తక్కువ, ఖర్చు ఎక్కువ. ఫలాపేక్ష లేదని చెప్పుకునే సంస్థ ఆ మాటను రుజువు చేసుకోవలసింది అక్కడే.