సీసం ముద్ర మీద నమ్మకం

స్కైడైవర్ వీపున రెండు పారాచ్యూట్లు ఉంటాయి. ఒకటి దూకిన ప్రతిసారీ తెరుచుకునే మెయిన్. రెండోది రిజర్వ్, మెయిన్ మొరాయిస్తే తప్ప దానితో పని పడదు. మెయిన్‌ని చాలామంది తామే మడుచుకుంటారు. రిజర్వ్ మాత్రం, అమెరికా చట్టం ప్రకారం, లైసెన్సున్న రిగ్గర్ చేతుల మీదుగానే ప్యాక్ కావాలి. మడిచాక రిగ్గర్ దాన్ని మూసి ఉంచే పిన్నుకు ఎర్రదారం చుట్టి, చిన్న సీసం బిళ్ళ మీద తన గుర్తు నొక్కి, కార్డు మీద తేదీ వేసి సంతకం పెడతాడు. లోపల ఏముందో చూడాలంటే ఆ దారం తెంపాలి. తెంపితే ఇక అది సిద్ధంగా ఉన్న రిజర్వ్ కాదు, మళ్ళీ మొదటినుంచీ మడవాల్సిన గుడ్డ.

కంటికి కనపడనిదాన్ని నమ్మడానికి ఏ ఆధారం సరిపోతుంది? దేవుడి గురించీ పరలోకం గురించీ మన దార్శనికులు శతాబ్దాల పాటు ఇదే ప్రశ్న మీద వాదించుకున్నారు. రిజర్వ్ దగ్గర ఒక్కటే తేడా. జవాబు తప్పని తెలియడానికి మరో లోకం దాకా వెళ్ళక్కర్లేదు.

తెలుగువాడిగా పేరున్న అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం న్యాయశాస్త్రంలో అడుగుపెట్టేవాళ్ళకి ఇప్పటికీ తొలి పాఠం. నిజాన్ని తెలుసుకోవడానికి అది నాలుగు దారులు చెబుతుంది: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. మూసిన రిజర్వ్ విషయంలో ప్రత్యక్షం కుదరదు. ఉపమానంతో ఇక్కడ పెద్దగా పని లేదు. మిగిలినవి రెండే.

మొదట అనుమానం. ‘ఇన్ని వందలసార్లు తెరుచుకుంది, ఈసారీ తెరుచుకుంటుంది’ అని మెయిన్ గురించి అనుకోవడం సహజం. కానీ తెరుచుకున్న ప్రతిసారీ ఆ పారాచ్యూట్ కొంచెం మారుతూనే ఉంటుంది. గుడ్డ ఒక్క ఉదుటున విచ్చుకుని మనిషిని కుదిపెయ్యకుండా, లైన్లనే తాళ్ళ వెంట నెమ్మదిగా కిందికి జారే నలుచదరపు గుడ్డ ముక్క ఒకటుంటుంది. పేరు స్లైడర్. దాని మూలల్లోని లోహపు కన్నాల్లోంచి లైన్లు దూరి వెళతాయి. ఆ రాపిడి వేడికి స్పెక్ట్రా అనే నూలుతో చేసిన లైన్లు కుంచించుకుపోతాయి. అదీ అన్నీ సమానంగా కాదు. కన్నాన్ని గట్టిగా ఒరుసుకునే బయటి లైన్లు, స్టీరింగ్ లైన్లు ఎక్కువ పొట్టివవుతాయి, మధ్యవి తక్కువ. కొన్ని వందల జంపులు అయ్యేసరికి కొలతల్లో అంగుళాల తేడా వస్తుంది. పారాచ్యూట్ మొరటుగా తెరుచుకుంటుంది, ఒక్కోసారి ఒక పక్కకి లాగుతుంది. వెక్ట్రాన్ అనే మరో నూలుతో చేసిన లైన్లు ఇలా పొట్టివి కావు. అయితే అవి చివికి, పెద్దగా హెచ్చరించకుండానే పుటుక్కున తెగుతాయి.

పైకి చెప్పని ఇలాంటి షరతును నైయాయికులు, అంటే న్యాయశాస్త్రం వాళ్ళు, ఉపాధి అంటారు. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందనడం చెల్లదు, కట్టె తడిగా ఉంటేనే పొగ. ‘తెరుచుకుంది కాబట్టి తెరుచుకుంటుంది’ అన్న మాట వెనకా అలాంటి షరతే దాక్కుని ఉంది: లైన్ల కొలత మారనంతవరకు. ఆ కొలతను మార్చేది మాత్రం ఇన్నాళ్ళూ సాక్ష్యంగా చూపిన ఆ తెరుచుకోవడాలే.

గుర్తులు కూడా దారి తప్పిస్తాయి. మెయిన్‌ని సంచిలోంచి బయటికి లాగేది పైలట్ చ్యూట్ అనే చిన్న గొడుగు. పని అయ్యాక దాన్ని ముడిచేసే తాడు, కిల్ లైన్, లోపలే నడుస్తుంది. మడిచేటప్పుడు చిన్న కిటికీలోంచి రంగు గుర్తు కనిపిస్తే పైలట్ చ్యూట్ సిద్ధమైనట్టు లెక్క. కానీ కిల్ లైన్ కుంచించుకుపోయి ఉంటే రంగు కనిపిస్తున్నా గొడుగు పూర్తిగా విచ్చుకోదు, గాలిలో చేవ లేకుండా వెనకాల వేలాడుతుంది. తెలిసినవాళ్ళు కిటికీతో సరిపెట్టుకోరు. పైలట్ చ్యూట్‌ని సాగదీసి పట్టుకుని, లోపలి తాడు వదులుగా ఉందో లేదో వేళ్ళతో తడిమి చూస్తారు. ఉండాల్సింది లేనిచోటా కనిపించే గుర్తును నైయాయికులు సవ్యభిచార హేతువంటారు. అదేమిటో విద్యార్థికి చెప్పాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

పోనీ, వాడనిది అరగదు కదా? 1980లలో గుండ్రటి రిజర్వ్ పారాచ్యూట్లు ఆ ధీమా పోగొట్టాయి. కొన్నింటిలో కుట్టిన వలగుడ్డలో ఆమ్లం ఉండి, దాన్ని తాకుతున్న నైలాన్ బలహీనపడింది, ఒక్కసారి కూడా తెరవకుండానే. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైన కథే. రిగ్గర్లు ఆ వల మీద బ్రోమోక్రెసాల్ గ్రీన్ అనే రసాయనం చుక్కలు వేసి చూసేవారు. పసుపు తిరిగితే ఆమ్లం ఉన్నట్టే. తర్వాత గుడ్డను పట్టుకార్ల మధ్య బిగించి, స్ప్రింగు త్రాసుతో లాగి బలం పరీక్షించేవారు. వాడకపోవడం వల్ల వచ్చే ఇబ్బంది మెయిన్‌కీ ఉంది. దాన్ని భుజాల దగ్గర పట్టి ఉంచే మూడు రింగుల అమరికలో నైలాన్ పట్టీ ఒకే వంపులో ఉండిపోతే బిగుసుకుంటుంది. అందుకే నెలకోసారి రింగులు విప్పి, పట్టీలను అటూ ఇటూ వంచి, కేబుళ్ళు తుడవమంటారు.

అనుమానం ఇంత దూరమే తీసుకొస్తుంది. ఆ తర్వాత ఆధారం శబ్దమే, అంటే ఆప్తుడి మాట. ఆప్తుడెవరు? విషయాన్ని స్వయంగా తెలుసుకుని, ఉన్నదున్నట్టు చెప్పాలనుకునేవాడు. ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ ఒక్కటేనని న్యాయభాష్యంలో వాత్స్యాయనుడు తేల్చాడు. ఆ మాట పట్టుకుంటే ఏ దేశపు రిగ్గర్‌కైనా ఆప్తుల పంక్తిలో చోటుంటుంది. కాకపోతే ఆప్తత్వం ఊరికే రాదు. అమెరికాలో సీనియర్ రిగ్గర్ లైసెన్సు కావాలంటే కనీసం 20 పారాచ్యూట్లు ప్యాక్ చేసి ఉండాలి. ఒకప్పుడు లేక్‌హర్స్ట్‌లోని అమెరికా నౌకాదళ రిగ్గర్ల పాఠశాల ఇంకో మెట్టు ఎక్కింది. విద్యార్థి తాను మడిచిన పారాచ్యూట్‌తో తానే దూకాలి. వేదం చెప్పే కనపడని సంగతులను ఎందుకు నమ్మాలంటే న్యాయసూత్రాలు ఆయుర్వేదం వైపు చూపించాయి. అక్కడ పరీక్షకు నిలిచిన మాట ఇక్కడా నిలుస్తుందని వాటి వాదం. లేక్‌హర్స్ట్ తర్కమూ దాదాపు అంతే.

వేదవాక్యాన్నే ఆధారంగా పట్టుకునే మీమాంసకులకు ఇది రుచించదు. వేదానికి కర్త లేడు, కాబట్టి కర్త దోషాలూ లేవు అన్నది వారి పట్టు. ఆ వాదంలో అందం ఉంది. అయితే రిజర్వ్ దగ్గర నెగ్గేది నైయాయికుడే. సంతకం లేని కార్డు అపౌరుషేయమని, అంటే మనిషి రాయనిదని, ఎవరూ కళ్ళకద్దుకోరు, ఆ రిజర్వ్‌తో విమానమే ఎక్కనివ్వరు. కనపడనిదాన్ని నమ్మాలంటే పిలిచి అడగడానికి ఒక మనిషి ఉండాలి. ఆ మాటకో గడువూ ఉండాలి.

గడువు ఎంత అన్నది వేరే పేచీ. సందేహం ఆచరణకే అడ్డొచ్చే చోట ఆగిపోతుందని నైయాయికుడైన ఉదయనుడు అన్నాడు. రిజర్వ్‌ని రోజూ విప్పి చూసేవాడు ఎప్పటికీ దూకలేడు. పైగా విప్పడం, మడవడం కూడా గుడ్డను అరగదీస్తాయి. అమెరికాలో ఒకప్పుడు 120 రోజులకోసారి రిజర్వ్‌ని మళ్ళీ ప్యాక్ చేయాల్సి వచ్చేది. 2008 చివర్లో దాన్ని 180 రోజులకు పెంచారు. అది నైలాన్ వంటి కృత్రిమ నూలుకు వర్తించే లెక్క. పట్టుతోనో మరో సహజమైన నూలుతోనో చేసినవాటికి 60 రోజులే.